బెజవాడ ఎండలో మంచుగడ్డ

బెజవాడ మనిషి ముందు మంచుగడ్డ ప్రసక్తి తెస్తే, "ఎక్కడున్నదండీ, కాస్త ఇటు తెప్పించండి" అంటాడు. అతని తప్పు లేదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకొనే దేశం మనది. ఇంద్రకీలాద్రి బండలు పగలంతా ఎండ తాగి, రాత్రి పొద్దుపోయేదాకా సెగ వదులుతూనే ఉంటవి. మనం ఎరిగిన మంచుగడ్డ రెండే చోట్ల ఉంటుంది. ఒకటి సోడాబండి మీద తడిగోనె కింద. రెండవది చేపల పెట్టెలో, పొరలు పొరలుగా. ఈ రెండు చోట్ల తప్ప మంచు మన జోలికి రాదని మన ధీమా.

మన భాష కూడా ఆ ధీమాకు సాక్ష్యం చెబుతుంది. ధనుర్మాసంలో ముగ్గు మీద పడేదీ మంచే. తెల్లవారుజామున కృష్ణ మీద కమ్ముకొనేదీ మంచే. హిమాలయాల మీద పేరుకొనేదీ మంచే. ఒక్క మాటతో అన్ని పనులూ గడుపుకొన్నాము. గడ్డకట్టి, ఇనుమును పట్టుకొని, ఎంత విదిలించినా వదలని మంచుతో మనకు ఏనాడూ అవసరం పడలేదు. అందుకని దానికి వేరే పేరు పెట్టలేదు.

ఇప్పుడు ఆ అవసరం వచ్చినట్లున్నది. గుడివాడ ప్రాంతం నుంచి ఒక తల్లిగారు నాకు పెద్ద ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయి విమానం నడపడం నేర్చుకోవడానికి అమెరికాలోని ఫ్లారిడా వెళ్ళాడు. పొలం తాకట్టు పెట్టి పంపారు. మొన్న ఒకనాడు ఫోనులో మాట్లాడుతూ, "ఇవాళ దిగబోతుంటే ఇంజను దగ్గిందమ్మా. లోపల మంచు పట్టింది. మాస్టారు ఏదో పిడి లాగారు. ఇంకా ఎక్కువగా దగ్గి, తరువాత సర్దుకొంది" అన్నాడట. ఈమె ఊరుకోక, "అక్కడ అంత చలిగా ఉన్నదా నాయనా?" అని అడిగారు. "లేదమ్మా, 20 డిగ్రీలు. ఆకాశం అద్దంలా ఉంది" అన్నాడట.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. పొరుగున సైన్సు చదివిన పెద్దమనిషిని అడిగితే ఆయన నవ్వి, "నీరు గడ్డకట్టేది సున్నా డిగ్రీల దగ్గర. 20 డిగ్రీలలో మంచు ఎక్కడిది? మీవాడు ఏదో తప్పు చేసి కప్పిపుచ్చుకొంటున్నాడు" అన్నారట. "మావాడు ఎన్నడూ అబద్ధమాడలేదు. అయినా ఈ మాట నమ్మడమెలాగో తెలియడం లేదు. మీరైనా చెప్పండి" అని ఆ తల్లి ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. మీ పొరుగాయన చెప్పిన సున్నా డిగ్రీల లెక్కా నిజమే. ఆయన మరచిపోయినదల్లా మీ వంటింటి మూలనున్న కూజా.

కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతవి? మట్టి గోడలోనుంచి నీరు సన్నగా చెమ్మగిల్లి బయటకు వస్తుంది. వచ్చిన చెమ్మ ఆవిరై పోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి గదా! ఆ వేడిని లోపలి నీళ్ళనుంచే లాక్కొని పోతుంది. అంచేత బయట వడగాడ్పు కొడుతున్నా లోపల నీళ్ళు చల్లగా ఉంటవి. డాక్టరు సూది వేసేముందు స్పిరిట్ రాస్తే చెయ్యి జివ్వుమనడానికి కారణమూ ఇదే. నీటికన్న స్పిరిట్ త్వరగా ఆవిరవుతుంది. అందుకే ఎక్కువ చల్లగా తోస్తుంది. పెట్రోలు కూడా అటువంటిదే.

చిన్న విమానాల ఇంజన్లు చాలావాటిలో కార్బొరేటరు ఉంటుంది. వెనకటి స్కూటరు యజమానులకు దీన్ని పరిచయం చేయనక్కరలేదు. ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చొని దాన్ని విప్పి, పెట్రోలులో కడిగి, నోటితో ఊది, మళ్ళీ బిగించేసరికి భోజనాల వేళ అయ్యేది. గాలినీ పెట్రోలునూ తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించడం దాని పని. గాలి వచ్చే దారిని అందులో ఒకచోట సన్నం చేస్తారు. ఆ ఇరుకులో గాలి వేగంగా పరుగెత్తుతుంది. ఒత్తిడి తగ్గి కొంత చల్లబడుతుంది. అక్కడే పెట్రోలు తుంపరలై పడి ఆవిరవుతుంది, ఇంకా చల్లబడుతుంది. ఈ రెండూ కలిసి గాలి వేడిని ఒక్కసారిగా 30 డిగ్రీలకు పైగా కూడా దించగలవు. బయట 20 డిగ్రీలున్న గాలి, ఆ బొటనవ్రేలంత దారిలో సున్నాకు ఎంతో దిగువకు పోగలదన్నమాట.

ఇక ఆ గాలిలో తేమ ఉంటే చెప్పేదేమున్నది? ఆ తేమ అక్కడే గడ్డకట్టి గోడలకు అంటుకొంటుంది. ఇంజనుకు గాలిని ఎక్కువ తక్కువలు చేసే రేకు మూత ఒకటి ఆ దారిలోనే ఉంటుంది. దాని చుట్టూ పేరుకొంటుంది. దారి నానాటికీ పూడిపోయే మురుగుకాలువలా ఇరుకవుతుంది. ఇంజనుకు ఊపిరి అందదు. మొదట నీరసిస్తుంది, తరువాత దగ్గుతుంది, పట్టించుకోకపోతే ఆగిపోతుంది. ఇదంతా పైన ఎండ కాస్తూండగానే, మబ్బు తునక లేకుండానే జరగవచ్చును. ఆ అబ్బాయి ఉన్న ఫ్లారిడాకు మూడు వైపులా సముద్రం. ఉక్క, తుఫానులు, చెమ్మ. దివిసీమవారికి ఆ దేశాన్ని వర్ణించి చెప్పనక్కరలేదు.

ఈ ముప్పు ఎప్పుడు ఎక్కువో విమానశాస్త్రం లెక్కలు కట్టి పెట్టింది. గాలి వేడి 21 డిగ్రీలకు తక్కువగానూ, తేమ నూటికి 80 పాళ్ళకు ఎక్కువగానూ ఉన్నప్పుడు చాలా ఎక్కువ. అయితే అంతటితో ఆగదు. బయట 38 డిగ్రీలు ఉన్నా, తేమ నూటికి 50 పాళ్ళే ఉన్నా, కార్బొరేటరులో మంచు పట్టడానికి అవకాశం ఉన్నది. ఈ అంకెలు మన కృష్ణాజిల్లాకు అన్వయించి చూడండి. సంక్రాంతి ముందు తెల్లవారుజాము. గడ్డివాముల మీద మంచు. కాలువ గట్టున పొగలాంటి తెర. ఒళ్ళు హాయిగా జివ్వుమనే చలి. ఎవరైనా, "ఆహా, ఎంత చక్కటి ఉదయం!" అంటారు. చిన్న ఇంజనుకు అంతకన్న చెడ్డ ఉదయం లేదు. వడగాడ్పు కొట్టే మే నెల మధ్యాహ్నంకన్న, కవులు పొగిడే ఈ వేకువకే జాగ్రత్త ఎక్కువ కావాలి.

విమానం దిగబోయేటప్పుడే ఇంజను ఎందుకు దగ్గింది అని కూడా ఆ తల్లి అడిగారు. మంచి ప్రశ్న. పైన పోతున్నప్పుడు గాలి దారి బాగా తెరచి ఉంటుంది. కొంచెం మంచు పట్టినా ఊపిరి ఆడుతుంది. దిగడానికి పైలటు ఇంజను జోరు తగ్గిస్తాడు. అంటే ఆ రేకు మూతను దాదాపు మూస్తాడు. మిగిలిన సన్నని సందు గుండా గాలి దూసుకొని పోతూ అక్కడ మరింత చల్లబడుతుంది. కొద్దిపాటి మంచు చాలు, ఆ సందు పూడిపోవడానికి. పైగా జోరు తగ్గించి ఉండడంవల్ల, ఇంజనుకు జబ్బు చేసిన సంగతి చెవికి తెలియదు. నేల దగ్గరకు వచ్చాక మళ్ళీ జోరు కావాలని పిడి నొక్కితే, అప్పుడు బయటపడుతుంది. అప్పటికి కింద మిగిలినది నాలుగు తాటిచెట్ల ఎత్తు.

దీనికి మందు లేకపోలేదు. కార్బొరేటరు ఉన్న ఇటువంటి విమానాలలో పైలటు చేతికి అందేచోట ఒక పిడి ఉంటుంది. దాన్ని లాగితే, పొగగొట్టం చుట్టూ కాగిన వేడిగాలి కార్బొరేటరులోకి వస్తుంది, మంచు కరుగుతుంది. ఇంత సులువైన మందు ఉండగా ఇంకా ప్రమాదాలెందుకు అంటారేమో. అక్కడే ఉన్నది చిక్కు.

పిడి లాగగానే ఇంజను బాగుపడదు. వేడిగాలి పలచన, అందువల్ల జోరు ముందు మరికొంత తగ్గుతుంది. కరిగిన మంచు నీరై ఇంజనులోకి పోతుంది. నీళ్ళు మింగిన ఇంజను అంతకు ముందుకన్న ఘోరంగా దగ్గుతుంది, వణుకుతుంది. కొత్తగా నేర్చుకొనేవాడు హడలిపోయి, "అయ్యో, చెయ్యరాని పని చేశానే!" అని పిడి మళ్ళీ మూసేస్తాడు. సగం కరిగిన మంచు తిరిగి గడ్డకడుతుంది. విరేచనాలమందు వేసిన పిల్లవాడికి కడుపులో తిప్పుతోందని మధ్యలో మందు మాన్పించే అమ్మమ్మలు మన ఇళ్ళలో లేరా? ఇదీ అలాంటిదే. పిడి పూర్తిగా లాగాలి, సగం లాగరాదు. లాగాక, ఆ దగ్గంతా తగ్గి జోరు పుంజుకొనేదాకా అలాగే ఉంచాలి. ఆ కొద్ది క్షణాలు గుండె నిబ్బరంతో ఓర్చుకోవాలి. ఇది పుస్తకం చదివినంత మాత్రాన రాదు. పక్కన మాస్టారు ఉండగా ఒకసారి అనుభవంలోకి రావాలి. మీ అబ్బాయికి అది వచ్చింది. సంతోషించవలసిన విషయం.

మరొక్క సంగతి. ఆ వేడిగాలి ఎక్కడిది? నడుస్తున్న ఇంజనుదే. ఇంజను పూర్తిగా ఆగిపోతే పొగగొట్టం చల్లారిపోతుంది, వేడిగాలి ఉండదు. వైద్యుడే మూర్ఛపోతే రోగికి మందు ఎవరు పోస్తారు? అందుకే అనుభవజ్ఞులు దగ్గు వచ్చేదాకా ఆగరు. చెమ్మగాలిలో దిగడానికి ఇంజను జోరు తగ్గించబోయేముందే ఆ పిడి లాగుతారు. పైన పోతున్నప్పుడు కూడా, ఇంజను తిరిగే చుట్లు కారణం లేకుండా కొద్దికొద్దిగా తగ్గుతుంటే, అది మంచు పని అని అనుమానిస్తారు.

మన పత్రికలో వచ్చే డిటెక్టివు సీరియళ్ళు వదలకుండా చదివేవారికి ఒక పాత ఎత్తు జ్ఞాపకం ఉండవచ్చును. హంతకుడు మంచుగడ్డతో చేసిన కత్తితో పొడుస్తాడు; పోలీసులు వచ్చేసరికి కత్తి కరిగి నీరవుతుంది. కార్బొరేటరు మంచు సరిగ్గా అటువంటి హంతకి. విమానం పొలంలో పడ్డాక విచారణాధికారులు వచ్చి ఇంజను విప్పి చూస్తే ఏ లోపమూ కనపడదు. పెట్రోలు ఉన్నది, మరలన్నీ సరిగా ఉన్నవి. చివరకు ఆనాటి గాలి వేడీ తేమా లెక్క చూసి, "ఇదే అయి ఉంటుంది" అని ఊహించవలసినదే.

అన్ని విమానాలకూ ఈ భయం ఉన్నదని ఎవరూ కంగారుపడవద్దు. ఇది కార్బొరేటరు ఉన్న చిన్న ఇంజన్ల జబ్బు. 1958లో మొదట ఎగిరిన మన బెంగుళూరు హిందూస్థాన్ కర్మాగారంవారి పుష్పక్ అటువంటిది; దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో దానిమీదనే చెయ్యి తిప్పుకొన్నారు. సెస్నా 150, 152 రకాలు, 172లో పాతవి కూడా ఇదే జాతి. పెట్రోలును నేరుగా చిమ్మే కొత్తరకం ఇంజన్లకు ఈ కార్బొరేటరు బాధ లేదు. కిరసనాయిలు జాతి ఇంధనంతో తిరిగే టర్బైన్లకూ లేదు. 2024 నవంబరు 9న ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోనుంచి నీళ్ళు చిమ్ముకొంటూ లేచి శ్రీశైలం వెళ్ళిన నీటివిమానాన్ని చూడడానికి గట్టు పొడుగునా జనం నిలబడ్డారు గదా! ఆ ట్విన్ ఆటర్ విమానానివి టర్బైన్ ఇంజన్లే.

ఇంజను మంచు కథ ఇది. రెండవది రెక్కల మంచు. దీనికి సాక్ష్యం కూడా మన ఇళ్ళ ముందే ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో సాయంత్రంపూట పడమట నల్లగా కమ్ముకొని, ఒక్క ఊపున గాలివాన వస్తుంది. నూజివీడు తోటలలో మామిడికాయలు నేల రాలుతవి. వానతో బాటు టపటపమని వడగళ్ళు పడతవి. పిల్లలు గిన్నెలు పట్టుకొని పరుగెత్తి ఏరుకొంటారు. ఆ వడగళ్ళు ఎక్కడనుంచి వచ్చినవి? మన నెత్తిమీదనుంచే. పైకి పోయినకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 2 డిగ్రీలు వేడి తగ్గుతుంది. నేలమీద 32 డిగ్రీలు ఉంటే 16 వేల అడుగుల ఎత్తున సున్నా. బెజవాడ నుంచి గన్నవరం పోయే దూరంలో నాలుగోవంతు నిట్టనిలువుగా పైకి పోగలిగితే, మండువేసవిలో కూడా మంచుగడ్డల రాజ్యం చేరుకోవచ్చునన్నమాట.

ఆ ఎత్తున ఒక వింత జరుగుతుంది. మబ్బులోని సన్నని నీటిబొట్లు సున్నాకు దిగువన కూడా వెంటనే గడ్డకట్టవు. తాకడానికి ఏమీ దొరకక నీళ్ళుగానే తేలుతుంటవి. విమానం రెక్క వచ్చి తగలగానే, ఇంతసేపూ కాచుకొని ఉన్నట్లు, దాన్ని పట్టుకొని గడ్డకడతవి. చిన్న బొట్లయితే పాలరంగున గరుకుగా పేరుకొంటుంది. పెద్ద బొట్లయితే రెక్కమీద కొంతదూరం పారి, గాజులా గట్టిపడుతుంది. ఈ రెండవది మరీ చెడ్డది. కంటికి సరిగా కనపడదు, త్వరగా వదలదు.

మంచు బరువుకు విమానం కుంగిపోతుందని చాలామంది అనుకొంటారు. బరువుకన్న పెద్ద నష్టం ఆకారానికి జరుగుతుంది. రెక్క పైభాగం నున్నగా వంపు తిరిగి ఉండడంవల్లనే గాలి దానిమీదుగా సాఫీగా పోయి విమానాన్ని ఎత్తి పడుతుంది. ముతక గరుకుకాగితమంత మందాన మంచు పట్టినా, ఎత్తిపట్టే శక్తి నూటికి 30 పాళ్ళు తగ్గవచ్చుననీ, వెనక్కు లాగే శక్తి 40 పాళ్ళదాకా పెరగవచ్చుననీ పరీక్షలు చేసి తేల్చారు. వేగాన్ని కొలిచే గొట్టం మూతికి మంచు పడితే, పైలటు ఎదుటి ముల్లు కూడా అబద్ధాలు చెబుతుంది.

శిక్షణకు వాడే చిన్న విమానాలు సాధారణంగా 10 వేల అడుగులకు లోపుగానే తిరుగుతవి. కనుక కోస్తాలో వాటి రెక్కలకు మంచు పట్టే ప్రసక్తి తక్కువ. కాని మన పిల్లలు చలిదేశాలకు పోయి నేర్చుకొంటున్నారు. అక్కడ శీతకాలంలో మంచుగడ్డల రాజ్యం నేలదాకా దిగివస్తుంది. రాత్రి బయట నిలిపిన విమానం రెక్కమీద తెల్లవారేసరికి నూగులా మంచు పట్టి ఉంటుంది. "ఇంతేకదా, గాలికి అదే ఎగిరిపోతుంది" అని దాన్ని తుడవకుండా బయలుదేరరాదు. చాలా చిన్న విమానాలకు ఎగురుతూండగా మంచు వదిలించుకొనే సాధనమే ఉండదు. వాటికి ఉన్న రక్ష ఒక్కటే: ఆ మబ్బులోకి పోకుండడం, పోతే తక్షణం వెనక్కు తిరగడం.

హైదరాబాదు నుంచి గన్నవరానికి ఏటీఆర్ అనే పంకాల విమానంలో వచ్చినవారు, కిటికీలోనుంచి రెక్క ముందు అంచున నల్లని పట్టీ చూసే ఉంటారు. అది అలంకారం కాదు. రబ్బరు తొడుగు. మంచు పట్టినప్పుడు దానిలోకి గాలి కొట్టి ఉబ్బిస్తారు. పైనున్న మంచు పెచ్చులై ఊడిపోతుంది. మంచు పట్టడం మొదలైనదీ లేనిదీ తెలుసుకోవడానికి పైలటు కిటికీ బయట ఒక చిన్న కొమ్ములాంటిది కూడా ఉంటుంది. ఈ విమానం పెద్ద జెట్లకన్న తక్కువ ఎత్తున, మబ్బుల మధ్యనే ఎక్కువసేపు ఉంటుంది. అందుకని ఈ ఏర్పాట్లు.

ఇన్ని ఏర్పాట్లు ఉన్నా మంచును తక్కువ అంచనా వేయరాదని రెండు దుర్ఘటనలు నేర్పినవి. 1994 అక్టోబరు 31న అమెరికాలో చికాగోలో దిగడానికి వంతు కోసం గాలిలో చుట్లు తిరుగుతున్న ఏటీఆర్ ఒకటి, రోజ్‌లాన్ అనే ఊరి పొలాల్లో కూలింది. 68 మంది పోయారు. రబ్బరు పట్టీ చేరని వెనుక భాగంలో మంచు గట్టుకట్టి రెక్కను అదుపు తప్పించింది. ఆ తరువాత పట్టీల వెడల్పు పెంచారు. పైలట్ల నియమాలూ మార్చారు. 2024 ఆగస్టు 9న బ్రెజిలులో మరొక ఏటీఆర్, బాగా మంచు పట్టే వాతావరణంలో పోతూ, గిరగిర తిరిగి ఊరిమధ్య పడిపోయింది. 62 మంది మరణించారు. అన్ని దేశాల పైలట్లకూ ఈ కథలు పాఠాలు. వారు నేర్చుకొన్నదానివల్లనే మనం కిటికీ పక్కన నిశ్చింతగా కునుకు తీస్తున్నాము.

మంచు మాట అటుంచి, చిన్న వాహనం, చెడ్డ వాతావరణం రెండూ కలిస్తే ఏమవుతుందో మన గడ్డ మీదనే చూశాము. 2002 మార్చి 3 ఉదయం లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు భీమవరం నుంచి హెలికాప్టరులో బయలుదేరారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో ఆ హెలికాప్టరు చేపల చెరువులో కూలిపోయి ఆయనా, అంగరక్షకుడూ, పైలటూ ముగ్గురూ మరణించారు. చూపు సరిగా ఆనడం లేదనీ, హెలికాప్టరు కొబ్బరిచెట్టుకు తగిలిందనీ ఆనాటి వార్తలు చెప్పినవి. కొల్లేటి ప్రాంతం ఎరిగినవారికి తెలుసు: వేకువ మసకలో చెరువేదో చేనేదో గట్టు మీద నిలబడి చూస్తేనే తెలియదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారితో సహా ఐదుగురు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కూలింది. భయంకరమైన మబ్బులలో చిక్కుకొని అదుపు తప్పిందని విచారణలో తేలింది. ఈ రెండూ మంచు ప్రమాదాలు కావు. అయినా, ఆకాశం ఒప్పుకోనప్పుడు ఎంత పెద్ద పదవి ఉన్నా, ఎంత పని తొందర ఉన్నా అది లెక్కచేయదని ఈ రెండూ చెబుతున్నవి.

ఇక్కడ నేను చెప్పదలచిన అసలు మాటకు వచ్చాను. వేడిగాలి పిడీ, రబ్బరు తొడుగూ మంచి సాధనాలే. వాటన్నిటికన్న పైది, "ఇవాళ వద్దు" అనగల ధైర్యం. ఆ ధైర్యం పైలటు ఒక్కడిదీ కాదు. అతని ఇంట్లోనూ, అతని విమానంలో కూర్చున్నవారిలోనూ ఉండాలి. మన ఇళ్ళలో ఏమి జరుగుతుంది? విమానం ఆలస్యమని గన్నవరంలో ప్రకటించగానే, ముహూర్తం మించిపోతోందని ఒకరు, ఈపాటి మబ్బుకేనా అని ఒకరు, డబ్బు పోసి కొన్న టిక్కెట్టని ఒకరు కౌంటరు మీద పడతారు. అమరావతికి పడవ కట్టిన రోజులలో సరంగు "గాలి బాగాలేదు" అంటే మన తాతలు మారుమాటాడక రేవులో మూట పరచుకొని పడుకొనేవారు. నీటి మీద ఉన్న ఆ మర్యాద గాలి మీద కూడా ఉండవలె.

నేర్చుకొంటున్న పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గంటకింత అని డబ్బు కట్టి నేర్చుకొనే చదువు అది. పొలం తాకట్టులో ఉన్నదని కొడుక్కు తెలుసు. వాతావరణం బాగాలేక ఒక పూట ఎగరకపోతే డబ్బూ కాలమూ పోతున్నవనే బాధ వాడికి మనకన్న ఎక్కువగానే ఉంటుంది. ఇటునుంచి మనం కూడా, "ఇంకా ఎన్నాళ్ళు? ఫలానావారి అబ్బాయి అప్పుడే అయిపోయాడటగా?" అంటే, ఒక చెమ్మటి ఉదయాన వాడు చూసీ చూడనట్లు ఇంజను తిప్పేస్తాడు.

కాబట్టి అమ్మా, మీరు చేయవలసినది ఇది. అబ్బాయి చెప్పినదాన్ని నమ్మండి. నమ్మినట్లు వాడికి చెప్పండి. ఇంజను దగ్గిన సంగతి తల్లికి దాచకుండా చెప్పుకొన్న పిల్లవాడు, మాస్టారికీ దాచడు. తప్పు చేశావేమో అని నిలదీస్తే, రెండోసారి దగ్గినప్పుడు మీకు తెలియనివ్వడు. ఎన్ని గంటలు ఎగిరావని అడిగినట్లే, ఎన్నిసార్లు వద్దనుకొని ఆగావని కూడా అడుగుతూండండి. "ఇవాళ గాలిలో చెమ్మ బాగా ఉన్నది, మానుకొన్నానమ్మా" అని చెప్పిననాడు, పరీక్ష ప్యాసయినప్పుడు చేసినంత సంబరం చేయండి. తాకట్టు పెట్టిన పొలం ఆలస్యమైనా విడిపించుకోవచ్చును.

మీ పొరుగు పెద్దమనిషిని ఒకసారి ఇంటికి పిలిచి, కూజాలోనుంచి చల్లటి నీళ్ళు ఒక గ్లాసెడు ఇవ్వండి. ఇవి ఇంత చల్లగా ఎందుకున్నవో ఆయననే చెప్పమనండి. సైన్సు చదివినవారు గనుక, గ్లాసు కింద పెట్టేలోగా మిగతా కథంతా ఆయనే చెప్పగలరు.